వాన కాలువలో మురుగు కలిపిన ఇళ్ళు బయటపడేదెలా?

ఉత్తర చెన్నైలో 46 ఇళ్ళ వీధి. మా కౌన్సిలర్ గారు ఈ పని మనస్ఫూర్తిగా పట్టించుకుంటున్నారు, అయినా ముందుకు సాగడం లేదు. వాన లేని రోజుల్లోనూ వాన కాలువలో నీళ్ళు పారుతున్నాయి. పలక ఎత్తి చూస్తే పొద్దున 6:30 నుంచి 9 దాకా సబ్బు నురగతో బూడిదరంగు నీళ్ళు, మధ్యాహ్నం ఒంటిగంటకి తడి బురద మాత్రమే. అంటే బాత్రూమ్, వంటింటి నీళ్ళే. కాలువ మీద మూత తీసి చూసే గుంతల్లో (ఛాంబర్లు) రెండోదానికీ మూడోదానికీ మధ్య పారకం పెరుగుతోంది. ఆ నడుమ 14 ఇళ్ళున్నాయి.

ఏరియా సభలో అందరి ముందూ అడిగితే ఒక్కరూ నోరు విప్పలేదు. జరిమానా పడుతుందని, పక్కింటివాళ్ళ ముందు పరువు పోతుందని భయం. అది న్యాయమైన భయమే. పేరు రాయనక్కర్లేని చీటీలు తమిళంలో, తెలుగులో పంచాం. 31 తిరిగొచ్చాయి, అన్నిటిలోనూ ‘మాది కాదు’ అనే ఉంది. రంగు నీళ్ళ పరీక్షకి 9 ఇళ్ళవాళ్ళు ఒప్పుకున్నారు. రెండిళ్ళలో పోసిన రంగు పది నిమిషాల్లో కాలువలో తేలింది. మిగతావాళ్ళు లోపలికి రానివ్వడం లేదు.

గొట్టం మురుగు లైనుకి మార్చడం పెద్ద పనేం కాదు, ఇల్లు తెలిస్తే చాలు. ఈశాన్య ఋతుపవనాలు అక్టోబరులో మొదలవుతాయి, ఆలోపు తేలాలి.

మీ వార్డులో ఇలాంటిది పరిష్కరించి ఉంటే చెప్పండి: ఎవరి పరువూ పోకుండా, ఇంటివాళ్ళే ఒప్పుకునేలా కౌన్సిలర్ ఆ 14 ఇళ్ళతో ఎలా మాట్లాడాలి?