జుంకో తబెయి కథ పిల్లలకి చెప్పాలి, కొంచెం సాయం చేస్తారా?

అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి. మా వీధి పిల్లలకి ఆదివారాలు తెలుగు చదవడం నేర్పుతుంటాను, బడిలో వాళ్లకి ఒడియానే కదా. ఈసారి జుంకో తబెయి గారి గురించి చెబుదామనుకుంటున్నాను. 1975 మే 16న ఎవరెస్టు ఎక్కిన మొదటి మహిళ ఆవిడ.

ఆ యాత్ర డబ్బు కోసం జపాన్‌లో పియానో పాఠాలు చెప్పారు. కారు సీట్ల కవర్లతో చేతి తొడుగుల్లాంటివి కుట్టుకున్నారు. ఇంటి దగ్గర చిన్న కూతురు. మే 4న సుమారు 6,300 మీటర్ల ఎత్తున గుడారాల మీద మంచు విరుచుకుపడితే, స్పృహ తప్పిన ఆవిడని షెర్పాలు బయటికి తీశారు. సరిగ్గా పన్నెండు రోజులకి శిఖరం మీద నిలబడ్డారు! ఇక్కడికొచ్చేసరికి నాకు ప్రతిసారీ గొంతు పూడుకుపోతుంది.

మా పిల్లలకి తెలిసిన పెద్ద కొండ మహేంద్రగిరి, 1,501 మీటర్లు. అలాంటివి దాదాపు ఆరు పేర్చితే ఎవరెస్టు అని ఎత్తు చెప్పగలను. గాలి సంగతే తెలియజెప్పలేకపోతున్నాను. శిఖరం మీద గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉండేదాంట్లో మూడో వంతే. నాలుగడుగులకే ఆయాసం ఎందుకొస్తుందో ఎనిమిదేళ్ల పిల్లకి ఎలా చెప్పాలి? ఎత్తు కొండలెక్కినవాళ్లు మీ అనుభవం రాయండి.

ఇంకొకటి. అలా కొండ మీంచి మంచు విరుచుకుపడడాన్ని 'హిమపాతం' అంటే, మంచు కురవడమే అనుకుంటున్నారు పిల్లలు. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు మాది, అర్థంకాని మాట వాడడానికి మనసొప్పడం లేదు. 'మంచు చరియ' అంటే సరిపోతుందా, ఇంకా మంచి వాడుకమాట ఏదైనా ఉందా?