"కొంచెముసేపు అలసట తీర్చుకొనుడి": మార్కు 6:31 గురించి

అందరికీ వందనాలు. ఇక్కడ వేమన పద్యాలు, సీమ సామెతలు ఎక్కువగా నడుస్తుంటాయి, ఈసారి బైబిల్లోంచి ఒక వాక్యం పెడుతున్నాను. "మీరేకాంతముగా అరణ్యప్రదేశమునకు వచ్చి, కొంచెముసేపు అలసట తీర్చుకొనుడి" అని యేసు తన శిష్యులతో అన్నాడు.

విశ్రాంతి అనగానే మన సంఘాల్లో అందరి నోటా వచ్చేది మత్తయి 11:28, "ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా". అది అందరికీ పిలుపు. మార్కులోని ఈ మాట మాత్రం దేవుని పని చేసి అలసి వచ్చినవాళ్లకు చెప్పింది. ఇద్దరిద్దరిగా ఊళ్లు తిరిగి, ప్రకటించి, రోగులకు నూనె రాసి, తిరిగొచ్చి చేసినవన్నీ ఆయనకు చెప్పుకున్నారు. ఇంకెన్ని ఊళ్లు మిగిలాయని ఆయన అడగలేదు. వచ్చేపోయే జనంతో వాళ్లకు భోంచేయడానికి కూడా తీరిక లేదని మార్కే కారణం రాశాడు.

మా అనంతపురంలో సంఘాల్లో పనిచేసే ఆడవాళ్లకు ఇది గట్టిగా చదివి వినిపించాలని ఉంది. వారమంతా ఉద్యోగం, ఇల్లు, పిల్లల చదువులు, శుక్రవారం ఉపవాస ప్రార్థన, ఆదివారం పొద్దున్నే సండే స్కూలు, ఆ తర్వాత ఆరాధన, సాయంత్రం ఎవరింట్లోనో కూటం. అలసిపోయామంటే విశ్వాసం తగ్గిందనుకుంటారేమోనని టెన్షన్ ఒకటి. ఆగమన్నది ప్రభువే అయినప్పుడు ఆగడం కూడా ఆయన మాట వినడమే కదా!

— అక్కా, మాది ఆత్మకూరు. అరణ్యప్రదేశం అంటే నాకు నల్లమలే కళ్ల ముందుకొస్తుంది. అడవిలోకి పొమ్మన్నాడా?

— అంత అడవి కాదు తమ్ముడూ. 36వ వచనంలో జనాన్ని చుట్టుపక్కల పల్లెలకు పంపితే తిండి కొనుక్కుంటారని శిష్యులే అంటారు, 39లో అందరినీ పచ్చిక మీద కూర్చోబెడతారు. గలిలయ సముద్రం దగ్గర, ఊళ్లకు కాస్త ఎడంగా, మనుషుల తాకిడి లేని చోటు. మనకు చేని గట్టయినా మిద్దె పైనయినా చాలు, ఫోన్ కింద పెట్టి పోతే.

— మేడమ్, మాది ఆదోని వైపు. మా వాళ్లు సుగ్గికి, అంటే కోతల కాలంలో వలస పనికి, గుంటూరు పోయి మిరపకాయలు కోస్తారు, ఎంత కోస్తే అంత కూలి. ఒక పూట కూర్చుంటే ఆ పూట డబ్బులు పోయినట్టే. ఈ విశ్రాంతి నెల జీతం వచ్చేవాళ్లకేనా?

— అన్నా, మీరడిగింది న్యాయమైన మాట, దీనికి తేలికైన జవాబు లేదు. ఆ అధ్యాయమే ఇంకొంచెం ముందుకు చదవండి. శిష్యులకు కూడా ఆ రోజు విశ్రాంతి సరిగా దొరకలేదు. వాళ్లు దోనె ఎక్కి పోతుంటే జనం గుర్తుపట్టి, కాలినడకన పరుగెత్తి ముందే ఆ చోటికి చేరుకున్నారు. ఆయన విసుక్కోలేదు, "కాపరిలేని గొఱ్ఱెలవలె" ఉన్నారని కనికరపడి బోధించాడు. పొద్దుపోయాక ఐదు రొట్టెలు, రెండు చేపలతో ఐదువేల మంది మగవాళ్లకు కడుపునిండా పెట్టించాడు. ఆ పూట వడ్డించింది కూడా ఆ అలసిన శిష్యులే. నన్ను బాగా పట్టేది ఆ తర్వాత జరిగింది. శిష్యులను వెంటనే దోనె ఎక్కించి ముందుగా పంపేసి, జనాన్ని సాగనంపే పని ఆయన తన మీద వేసుకున్నాడు, అదయ్యాకే ప్రార్థన చేసుకోవడానికి కొండకు పోయాడు. కూలి చేసుకునేవాళ్లకు విశ్రాంతి ఇట్లాగే దొరుకుతుందని నేను నమ్ముతున్నా, వాళ్ల పని కొంచెం ఇంకొకరు ఎత్తుకుంటే. సుగ్గి నుంచి వచ్చిన ఇంట్లో ఆ వారం కూటం పెట్టకుండా, ఆ ఇంటికే అన్నం వండి పంపొచ్చు. పిల్లలను ఒక పూట సంఘంలో ఎవరైనా చూసుకోవచ్చు. మీ వైపు సంఘాల్లో ఇట్లా చేస్తున్నవాళ్లు ఉంటే ఎట్లా చేస్తున్నారో రాయండి అన్నా, మా మహిళా కూటంలో చెప్తాను.