సైకాలజీ నుంచి డేటా సైన్స్‌కి: విశాఖలో ఎవరైనా ఉన్నారా?

ఎంవీపీ_కుర్రాడు: సైకాలజీతో డిగ్రీ ఆఖరి ఏడాది. మనుషుల ప్రవర్తనను డేటాతో చదివే పీజీ చేద్దామని ఉంది. ఇంటర్‌లో బైపీసీ, లెక్కలంటే టెన్షన్. ఏయూ (ఆంధ్రా యూనివర్సిటీ)లో చూస్తే సైకాలజీ ఆర్ట్స్ కాలేజీలో, స్టాటిస్టిక్స్ సైన్స్ కాలేజీలో. ఎటు పోవాలి?

గాజువాక_అక్క: ఎటు పోయినా రెండోది సొంతంగా చదువుకోవాల్సిందే తమ్ముడూ. ప్రాబబిలిటీ (ఏది జరిగే అవకాశం ఎంత), రిగ్రెషన్ (ఒకటి మారితే ఇంకోటి ఎంత మారుతుందో లెక్కకట్టడం) గట్టిగా పట్టుకో. కోడింగ్‌కి ఆర్, పైథాన్ భాషలలో ఏదో ఒకటి చాలు. నేను షాపింగ్ యాప్‌లో పనిచేస్తా. సగం మందికి పాత పేజీ, సగం మందికి కొత్తది చూపిస్తాం. ఎవరికి ఏది అన్నది లాటరీలా పడాలి. లేకపోతే వచ్చిన తేడా పేజీదో మనుషులదో తేలదు. కోడ్ పది లైన్లే, తలనొప్పంతా ఇక్కడే.

ఉక్కునగరం: మావాళ్ల ప్రాజెక్టులు చూడాలి! గూగుల్ ఫామ్ వాట్సాప్ గ్రూపులో పడేస్తారు, హాస్టల్ వాళ్లు నింపుతారు, పైన ‘విశాఖ యువత’ అని టైటిల్. నైట్ షిఫ్ట్ కుర్రాళ్లు, ఫిషింగ్ హార్బర్ వాళ్లు అందులో ఎక్కడ?

బీచ్‌రోడ్_మాస్టారు: ఫామ్‌లు మానేసి ప్రభుత్వ డేటా తీసుకోండి. 2019 టైమ్ యూజ్ సర్వేలో 1,38,799 ఇళ్లలో ఆరేళ్లు, ఆపై వయసున్న 4,47,250 మంది రోజంతా ఏం చేశారో అరగంట చొప్పున అడిగి రాసుకున్నారు. యూనిట్ స్థాయి డేటా, అంటే పేర్లు లేకుండా ఒక్కొక్కరి వివరాలు, ఉచితం. వంటకు ఆడవాళ్లు ఎంతసేపు, మగవాళ్లు ఎంతసేపు అన్నదొక్కటే మంచి ప్రాజెక్టు.

ఇంకోటి. అసలు తేడాయే లేని 20 విషయాలు పోల్చినా, 0.05 దగ్గర గీత గీస్తే (అంటే తేడా లేకపోయినా నూటికి ఐదుసార్లు ఉన్నట్టు కనిపించే రిస్కుకి ఒప్పుకుంటే) సగటున ఒకటి తేడా ఉన్నట్టే కనిపిస్తుంది. 2015లో 100 సైకాలజీ పరిశోధనలను మళ్లీ చేసి చూశారు. మొదట 97 శాతంలో సిగ్నిఫికెంట్ ఫలితం (ఆ గీత దాటిన తేడా) ఉంటే రెండోసారి 36 శాతంలోనే వచ్చింది. మొదటి సెమిస్టర్‌లో చెప్పాల్సిన సంగతిది. మనవాళ్లు వైవా ముందు చెబుతారు.

ఎంవీపీ_కుర్రాడు: థాంక్స్ మాస్టారూ. ఇంటర్ పిల్లల ఫోన్ వాడకం మీద చేద్దామనుకున్నా, పర్వాలేదా?

గాజువాక_అక్క: చెయ్. కానీ 18 నిండనివాళ్లు కాబట్టి ఎథిక్స్ కమిటీ అనుమతి, తల్లిదండ్రుల సంతకం ముందే తీసుకో. ‘రోజుకి ఎన్ని గంటలు చూస్తావు’ అని అడగకు. వాళ్లు చెప్పేదానికీ ఫోన్‌లో నమోదయ్యేదానికీ చాలాసార్లు పొంతన ఉండదు. స్క్రీన్ టైమ్ స్క్రీన్‌షాట్ అడుగు.

ఉక్కునగరం: అందులో యాప్‌ల పేర్లు కూడా కనిపిస్తాయి కదక్కా, పిల్లలు ఇస్తారా?

గాజువాక_అక్క: నిజమే. అయితే స్క్రీన్‌షాట్ వద్దు, వాళ్ల ఎదురుగానే మొత్తం గంటల అంకె ఒక్కటీ రాసుకుంటే సరి.