ఒక్క పెడల్ మాత్రమే ఉంచుకోవాలంటే ఏది ఉంచుకుంటారు?

మొదటి ఫ్రెట్:
రెండేళ్లుగా ఎలక్ట్రిక్ గిటార్ వాయిస్తున్నాను. ఉన్నది ఒకే పెడల్ (గిటారుకూ యాంప్‌కూ మధ్య తగిలించి, కాలితో నొక్కి ధ్వనిని మార్చుకునే డబ్బా), చవకలో దొరికిన డిస్టార్షన్, అంటే ధ్వనిని గరుకుగా చేసేది. ఇంట్లో చిన్న యాంప్‌తో (యాంప్లిఫయర్) వాయిస్తే గది అదిరిపోతుంది. పోయిన ఆదివారం మిత్రుల బ్యాండులో తొలిసారి వాయించాను. డ్రమ్స్, బేస్ మొదలవగానే నా గిటార్ ఎక్కడికి పోయిందో నాకే తెలియలేదు. వాల్యూమ్ పెంచితే కందిరీగల తుట్టె కదిపినట్టు రొద వచ్చింది తప్ప స్వరం రాలేదు. దీన్ని అమ్మేసి మరొకటి కొందామని ఉంది. మీరైతే ఏది ఉంచుకుంటారు? ఎందుకు?

గుంటూరు రిథమ్:
అప్పుడే అమ్మకండి. యాంప్ మీద మిడ్ నాబ్ (మధ్యస్థాయి ధ్వనిని పెంచి తగ్గించేది) ఎక్కడ ఉందో ముందు చూడండి. ఒంటరిగా వాయించేటప్పుడు అందరమూ బేస్ (కింది ధ్వని), ట్రెబుల్ (పై ధ్వని) పెంచి మిడ్ తగ్గిస్తాం. చెవికి ఇంపుగా ఉంటుంది. కానీ బ్యాండులో కింది చోటు బేస్ గిటారుదీ కిక్ డ్రమ్ముదీ, పై చోటు సింబల్స్‌ది. గిటారుకు మిగిలేది మధ్యభాగమే. దాన్నే మనం తీసేస్తే ఇక వినపడేదేమిటి?

నా ఓటు ఐబనీజ్ కంపెనీ ట్యూబ్ స్క్రీమర్‌కు. అది ఓవర్‌డ్రైవ్ పెడల్, అంటే ధ్వనిని కొంచెమే బొంగురు చేసే రకం. పదకొండేళ్లుగా చర్చిలో వాయిస్తున్నాను, ఎన్ని పెడళ్లు వచ్చి పోయినా ఆ ఆకుపచ్చ డబ్బా మాత్రం కదలలేదు. అది బేస్‌ను కొంత కోసి, 700 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉన్న ధ్వనిని ముందుకు తోస్తుంది. విడిగా వింటే ముక్కుతో పాడినట్టు ఉంటుంది. కీబోర్డు, డ్రమ్స్, నలభై మంది గాయకుల మధ్య ఆ ముక్కు గొంతే నన్ను కాపాడుతుంది. డ్రైవ్ (బొంగురుతనం) దాదాపు సున్నా, లెవెల్ (బయటికి వచ్చే ధ్వని) ముప్పాతిక. యాంప్ అప్పటికే కాస్త బొంగురుపోతూ ఉండాలి. ఈ పెడల్ దాన్ని ఇంకొంచెం తోస్తుంది, అంతే.

ఎలుక పక్షపాతి:
యాంప్ బొంగురుపోవాలంటే వాల్యూమ్ పెంచాలి. అపార్ట్‌మెంటులో ఉండేవాళ్ల గతి ఏమిటండీ? మా కింది ఇంటి పెద్దాయన నాకు రాత్రి ఎనిమిది గంటల గడువు పెట్టారు. నా ఎంపిక ప్రోకో కంపెనీ డిస్టార్షన్ పెడల్ ర్యాట్. 1978లో అమెరికాలోని కలమజూలో పుట్టింది. తక్కువ వాల్యూమ్‌లోనూ దాని గరగర దానిదే. డిస్టార్షన్ నాబ్ తగ్గిస్తే ఓవర్‌డ్రైవ్‌లా, పూర్తిగా పెంచితే ఫజ్‌లా (ఇంకా గరుకైన రొదలా) పలుకుతుంది. ఒక్క పెడల్ అంటే మూడు పనులు చేసేది కావాలి కదా.

కొత్తవాళ్లకు ఒక మాట: దాని ఫిల్టర్ నాబ్ మామూలు టోన్ నాబ్‌కు తలకిందులు. కుడికి తిప్పేకొద్దీ ట్రెబుల్ తగ్గుతుంది. మొదటి వారమంతా అది చెడిపోయిందనుకుని అమ్మినతనితో పోట్లాడాను. తర్వాత క్షమాపణ కూడా చెప్పుకున్నాను.

సోల్డర్ పొగ:
ఫజ్ ఫేస్ పేరు ఎవరూ ఎత్తలేదేం? 1966లో లండన్‌లో మొదలైన గుండ్రటి పెడల్, గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ చేతిలో పేరు తెచ్చుకున్నది. లోపల రెండు ట్రాన్సిస్టర్లు, గుప్పెడు విడిభాగాలు. దాన్ని చూసి ఇంట్లోనే ఒకటి తయారు చేసుకున్నాను, జెర్మేనియం ట్రాన్సిస్టర్లతో. గిటార్ మీది వాల్యూమ్ నాబ్ కొంచెం తగ్గిస్తే చాలు, రొదంతా విడిపోయి గంట కొట్టినట్టు శుభ్రంగా మోగుతుంది. ఆ గుణం మరే పెడల్‌లోనూ నాకు ఇంత బాగా దొరకలేదు.

బాధ ఏమిటంటే జెర్మేనియానికి వేడి పడదు. వేడెక్కేకొద్దీ లీకేజీ కరెంటు పెరిగి బయాస్ (ట్రాన్సిస్టర్ పనిచేసే వోల్టేజీ అమరిక) జరిగిపోతుంది. జనవరిలో తేనెలా పలికిన పెడల్ హైదరాబాదు మే నెలలో, మేడ మీది రేకుల గదిలో, తడిసిన పటాకాలా తుస్సుమంది. అరగంట ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే మళ్లీ పలికింది. మా అమ్మ పెరుగు గిన్నె పక్కన దాన్ని చూసి ఏమీ అనలేదు, అదే భయం వేసింది. మన ఎండలకు సిలికాన్‌ది తీసుకోవడం మేలు.

ఇంకొకటి: పాత జెర్మేనియం ఫజ్‌లు చాలావాటికి పాజిటివ్ గ్రౌండ్, అంటే మిగతావాటికి భిన్నంగా ప్లస్ వైపు గ్రౌండుకు కలిపి ఉంటుంది. మిగతా పెడళ్లతో కలిపి ఒకే అడాప్టర్ గొలుసుకు తగిలిస్తే షార్ట్ అవుతుంది. వాటికి విడిగా బ్యాటరీయే పెట్టండి.

డల్లాస్ తీగలు:
అడాప్టర్ మాట వచ్చింది కాబట్టి. ఇక్కడ అమెరికా నుంచి తమ్ముడికి పెడల్, దానితోపాటు అడాప్టర్ పంపాను. ఇక్కడ 120 వోల్టులు, అక్కడ 230. అడాప్టర్ మీది చిన్న అక్షరాలు నేనూ చదవలేదు, వాడూ చదవలేదు. విజయవాడలో ప్లగ్గు పెట్టిన కాసేపటికే కాలిన వాసన! అదృష్టం కొద్దీ పెడల్ బతికింది. 100 నుంచి 240 వరకు అని రాసి ఉంటేనే పంపండి. పెడల్ వైపు ఎక్కువగా 9 వోల్టులు, మధ్య పిన్ను మైనస్. పెడల్ మీద చిన్న బొమ్మ ఉంటుంది, చూసుకోండి.

గమకప్రియ:
నాది వేరే దారి, గిటార్ మీద కర్ణాటక సంగీతం. పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ విని ఇటు వచ్చాను. అందరూ మొదట డిలే (ప్రతిధ్వని ఇచ్చే పెడల్) కొనమన్నారు. కొన్నాను. ఆలాపనలో ఒక గమకం ఊపేలోగా ముందటి గమకం ప్రతిధ్వని వచ్చి దాని మీద పడుతుంది. తోడిలో గాంధారం ఊపితే రెండు గాంధారాలు పోట్లాడుకున్నట్టు ఉంటుంది. డిలే అమ్మేసి కంప్రెసర్ తీసుకున్నాను. మీటిన దెబ్బ కొంచెం అణగి, నాదం ఎక్కువసేపు నిలుస్తుంది. తీగను లాగి పై స్వరానికి వెళ్లేలోగా చచ్చిపోదు. పెడల్ ఆన్‌లో ఉందని వినేవాళ్లకు తెలియదు. ఆఫ్ చేస్తే మాత్రం నాకు తెలుస్తుంది.

గుంటూరు రిథమ్:
గమకాలకు సరే, మా పాటల్లో డిలే లేకపోతే సగం అందం పోతుందండీ. టెంపో నిమిషానికి 120 బీట్లు అయితే ప్రతిధ్వనిని ముప్పావు బీటుకు, అంటే 375 మిల్లీసెకన్లకు పెట్టి మామూలుగా వాయించినా గుర్రం పరుగులా వినపడుతుంది. కాకపోతే డ్రమ్మర్ టెంపో నిలబెట్టాలి. మా వాడు నిలబెట్టడు.

మొదటి ఫ్రెట్:
నిన్న మళ్లీ ప్రాక్టీసు జరిగింది. కొత్తది ఏదీ కొనలేదు. యాంప్ మిడ్ మూడు దగ్గర ఉంటే ఏడుకు పెంచాను, పెడల్ మీద డిస్టార్షన్ సగానికి తగ్గించాను. రెండో పాటలో డ్రమ్మర్ తల తిప్పి నా వైపు చూశాడు. వినపడుతున్నానన్నమాట! తర్వాత బేస్ వాయించే మిత్రుడి ట్యూబ్ స్క్రీమర్ అడిగి తగిలించాను. ముక్కు గొంతు అన్నారే, అచ్చంగా అదే. నచ్చింది. వారం పాటు ఇంటికి తెచ్చుకున్నాను. కానీ ఈ ఉదయం చూస్తే అసలు వెలగడం లేదు. రాత్రి ఆఫ్ చేసే పడుకున్నాను. పాడుచేశానా?

సోల్డర్ పొగ:
ఇన్‌పుట్ జాక్‌లో ప్లగ్గు అలాగే వదిలేశారా? అది ఉన్నంతసేపూ లైటు వెలగకపోయినా బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. కొత్త 9 వోల్టుల బ్యాటరీ వేసి చూడండి. తిరిగిచ్చేటప్పుడు అదీ లోపలే ఉంచి ఇవ్వండి.