సమస్య: శాంతివచనమ్ము పిస్తోలు జనని యయ్యె

నిర్వాహకుడు: జర్మన్ ‘పారాబెల్లం’ (లూగర్) పిస్తోలుకు ఆ పేరెలా వచ్చిందో చదువుతుంటే ఈ పాదం తట్టింది. దీన్ని నాలుగో పాదంగా పెట్టి పద్యం పూరించండి.

గోదారిగట్టు:
శాంతిఁ గోరినఁ జేయుము సమరసజ్జ
యనెడు లాటిను సూక్తినే యంటఁగట్టి
పేరు పెట్టిరి బెర్లిను పెద్ద లపుడు
శాంతివచనమ్ము పిస్తోలు జనని యయ్యె

పాలపిట్ట: ‘అంటఁగట్టి’ దగ్గర ఆగిపోయాను. ఈ పిస్తోలు తయారుచేసిన డి.డబ్ల్యు.ఎం. కంపెనీ తన నినాదాన్నే సరుకుకు అంటగట్టింది. కథంతా ఒక్క క్రియలో వచ్చేసింది! ‘అపుడు’ మాత్రం పాదం నింపడానికే వచ్చింది.

మంజీర:
పొరుగు పోరుల జోలికిఁ బోనివారు
స్వీయభద్రత కొఱకునై స్విస్సువారు
మొదటఁ గొని రంట లూగరు మోజు పడుచు
శాంతివచనమ్ము పిస్తోలు జనని యయ్యె

గోదారిగట్టు: 1900లో దీన్ని మొదట తీసుకున్నది స్విస్ సైన్యమే, నిజం. జర్మన్ సైన్యం 1908 దాకా ఆగింది. కానీ మంజీరగారూ, పిస్తోలును రూపొందించిన జార్జ్ లూగర్ వచ్చాడు గాని సూక్తి ఏదండీ? నాలుగో పాదం గాలిలో వేలాడుతోంది. పైగా ‘వారు’ రెండుసార్లు. మునుపటి మీ మౌజర్ పిస్తోలు పద్యంలోనూ అన్వయం (పాదాల అర్థం కలవడం) ఇలాగే జారింది.

మంజీర: మళ్లీ అదేనా! ఆ మౌజర్ సి96 పిడి చీపురుకర్రలా ఉంటుంది, దాని ముద్దుపేరూ అదే. అందుకే ‘చీపురు’ అన్నాను. అప్పుడు నిర్వాహకులే మెచ్చుకున్నారు, మీకొక్కరికే మింగుడుపడలేదు.

పాలపిట్ట: అసలు కిటుకు పేరు కోసిన చోట ఉంది. ‘సి విస్ పాకెమ్’ శాంతి సగం, ‘పారా బెల్లుమ్’ యుద్ధం సగం. పిస్తోలుకు దక్కింది రెండోదే.
శాంతి సగమును గోసిరి, సమర సగము
మిగిలె నాయుధమునకది మేటి పేరు
తల్లిఁ జీల్చుక పుట్టిన తేలు పిల్ల
శాంతివచనమ్ము పిస్తోలు జనని యయ్యె

మంజీర: ఊహకు దండం. కానీ మూడో పాదంలో ‘త’కు ‘తే’ యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో రావలసిన జోడీ) కుదరదు.

గోదారిగట్టు: తేలు తల్లిని చీల్చుకు పుడుతుందన్నది ఒట్టి నమ్మకమే అయినా, ఆ ఊహను పోనివ్వకూడదు. ‘తేలు పుట్టగఁ దల్లియే తెగిన రీతి’ అంటే యతి నిలుస్తుంది, నాలుగో పాదానికి అన్వయమూ బిగుస్తుంది.

పాలపిట్ట: గట్టుగారూ, అదే ఉంచేస్తాను. ధన్యవాదాలు.

మంజీర: ఇంకొకటి. ఈ సూక్తికి మూలం రోమన్ రచయిత వెజీషియస్ అంటారు గాని, ఆయన వాక్యం ‘శాంతి కోరేవాడు యుద్ధానికి సిద్ధపడాలి’ అనే తీరులో ఉంటుంది. ఈ పొట్టి రూపం తర్వాత వచ్చింది. 1902 నాటి 9 మి.మీ. తూటాను ఇప్పటికీ పారాబెల్లం అనే అంటున్నారు, దాని మీద ఎవరూ రాయలేదేం?

నిర్వాహకుడు: సవరణతో పాలపిట్టగారిదే ఈ వారం మేటి పూరణ. మంజీరగారూ, స్విస్ ఊహ వదలొద్దు. రెండో పాదంలో సూక్తిని దించి మళ్లీ పంపండి. తూటా పద్యం కూడా మీదే.