ఫిన్ కథలో ఏడుగురు పనిమంతులు: ముగ్గురికి కుదించొచ్చా?

కథలపెట్టె, పటమట:
వేసవి సెలవుల్లో మూడు, నాలుగు తరగతుల పిల్లలకి చెప్పడానికి స్కాట్లండ్ గేలిక్ కథ ఒకటి అనుకున్నానండి. రాక్షసుడు ఎత్తుకుపోయిన పసివాళ్లని ఫిన్ మక్‌కూల్ అనే వీరుడు, ఏడుగురు పనిమంతులు కలిసి తెచ్చేది. 20 నిమిషాలే టైము. ముగ్గురితో సరిపెట్టొచ్చా? పేర్లు తెలుగులో ఎలా పెట్టాలి?

బ్రాడీపేట బాబాయి:
తగ్గించకండమ్మా. ఒక్కొక్కరి పని తర్వాతివాడికి దారి తీస్తుంది. వడ్రంగి మూడు గొడ్డలి దెబ్బల్లో ఓడ చేస్తేనే ప్రయాణం. తొమ్మిది అలల మీద పోయిన బాతు జాడ కూడా పట్టే జాడగాడు లేకపోతే సముద్రంలో దారెక్కడ? మిగతావాళ్లకి పాముచెవులు, ఉడుంపట్టు, ఎగబాకుడు, గజదొంగ, గురికాడు అనండి, పిల్లల నోట ఇట్టే నిలుస్తాయి. "నీకేం వచ్చు?" అని ఫిన్ అడగడం, ఒక్క వాక్యంలో జవాబు. పరిచయాలు నాలుగు నిమిషాలు దాటితే పిల్లలు కదిలిపోతారు.

కృష్ణలంక:
చాలామంది పాడుచేసేది ఉడుంపట్టు ఘట్టాన్ని. అప్పుడే పుట్టిన బిడ్డని ఎత్తుకుపోవడానికి అర్ధరాత్రి పొగగొట్టంలోంచి రాక్షసుడి చెయ్యి దిగుతుంది. మన వంటింటి చిమ్నీ కాదు, పెద్ద కంత అని ముందే చెప్పండి. ఉడుంపట్టు లాగీ లాగీ చేతిని భుజం దాకా ఊడబెరుకుతాడు. అక్కడే చప్పట్లు కొట్టించి ఆపేస్తారు. కానీ రాక్షసుడు రెండో చెయ్యి పెట్టి బిడ్డని పట్టుకుపోతాడు! ఆ ఓటమి చెప్పకపోతే ఓడకీ, జాడకీ, ఎక్కుడుకీ పనే లేదు. అక్కడ రెండు క్షణాలు మౌనంగా ఉండండి.

రాక్షసుడి కోట కప్పు జారిపోయే మలుగుచేప తోళ్లతో వేసి ఉంటుంది. మన పిల్లలకైతే బొమ్మిడాయిని చేత్తో పట్టినట్టు అంటే చాలు, ఎగబాకుడు ఎంతటివాడో తెలిసిపోతుంది. గజదొంగని వీపున వేసుకుని ఎక్కేదీ వాడే.

కథలపెట్టె:
చాలా థాంక్సండీ ఇద్దరికీ. రాక్షసుడి చావు చిన్నపిల్లలకి మరీ భయం కాదా?

బ్రాడీపేట బాబాయి:
రక్తం వర్ణించకండి, గురి వర్ణించండి. ఫిన్ పంటి కింద వేలు పెట్టుకుంటే తెలియని సంగతి తెలుస్తుంది, రాక్షసుడి ప్రాణం అరచేతిలో పుట్టుమచ్చలో ఉందని. గురికాడి బాణం అంతకే. మీ అరచెయ్యి ఎత్తి చూపించండి, పిల్లలూ ఎత్తుతారు. అన్నట్టు, గజదొంగ పసివాళ్లతో పాటు కోటలోని కుక్క కూనల్నీ ఎత్తుకొస్తాడు; వాటి తల్లి వేట కుక్క తరుముకొస్తే ఒక కూనని దానికి వదిలేసే ముక్క మర్చిపోవద్దు. మిగిలిన కూనే ఫిన్ కుక్క బ్రాన్.

కృష్ణలంక:
ఇంకొక్కటి. బేతాళ కథల్లో జ్ఞాని, విజ్ఞాని, శూరుడు కలిసి రాక్షసుడి నుంచి పిల్లని విడిపిస్తారు కదా, చివర "ఎవరికి దక్కాలి?" అని ప్రశ్న. ఆ అలవాటుతో ఇక్కడ "ఎవరు గొప్ప?" అని అడగకండి. ఇందులో పోటీ లేదు.