ఈ వారం సమస్య: భామకు మీసములు మొలిచె భళి భళి యనఁగన్

నిర్వాహకుడు:
మా ఊరి పద్యనాటక సమాజం వార్షికోత్సవం దగ్గరపడింది. రంగు వేసుకునేవాళ్లలో ఒక్కరూ వృత్తి నటులు కారు. లెక్కల టీచరమ్మ దుర్యోధనుడు. కిరాణా కొట్టాయన హార్మోనీ ముందు కూర్చుంటారు. మా పోస్టుమాన్ గారు ఇన్నేళ్లుగా సత్యభామ. ఈసారితో ఆడవేషం చాలిస్తున్నారు గనక ఆయనకు సన్మానం. తెల్లవార్లూ ఒకే నాటకం చూసే ఓపిక జనానికి లేదు కాబట్టి ఏరిన రంగాలే వేస్తున్నాం: తులాభారం, మయసభ, కీచకవధ, ఆఖర్న కాటిసీను.

సమస్య కందపద్యంలో ఆఖరి పాదం, ముందు మూడు పాదాలూ మీరు కట్టి పూరించాలి. నచ్చిన పూరణను ఆ రాత్రి మైకులో పాడిస్తాం. యతిప్రాసలు కుదిరితే చాలదు, గొంతుకూ కుదరాలి.

గుంటూరు శ్రోత:
ముందుగా టీచరమ్మకు నా పద్యం.

ఏమని చెప్పుదు! బడిలో
ప్రేమగ లెక్కలఁ గఱపెడి ప్రియభాషిణియే
యా మాయసభను రాజుగ!
భామకు మీసములు మొలిచె భళి భళి యనఁగన్

పాత పంతులు:
ఊహ బాగుందండీ. రెండు చోట్ల తడబడ్డారు. కట్టినవాడు మయుడు, కనక అది మయసభ. "ప్రియభాషిణియే" అని కర్తను నిలబెట్టి, వెంటనే "భామకు" అన్నారు, ఆ కర్త క్రియ లేక గాల్లో మిగిలిపోయింది. "ప్రియభాషిణికే / యా మయసభలో రాజుగ" అనండి. గణాలు చెడవు, అన్వయం అతుక్కుంటుంది.

ఆడవాళ్లు మగవేషం కట్టడం మనకు కొత్తేం కాదు. మిగతా సమాజాల్లో మగవాళ్లే చీర కట్టుకునే రోజుల్లో సురభి వారి స్త్రీలు రంగస్థలం మీద ఉన్నారు, కృష్ణుడి వేషాలూ కట్టారు.

గుంటూరు శ్రోత:
సవరించాను పంతులు గారూ, ధన్యవాదాలు.

కొత్త కలం:
మొదటిసారి రాస్తున్నాను. పెద్దలు మన్నించాలి.

అమ్మ యొసంగిన చీరను
కొమ్మవలెన్ గట్టి వచ్చి కులుకుచు నిల్చెన్
తమ్ముని మూతిని జూడఁగ
భామకు మీసములు మొలిచె భళి భళి యనఁగన్

పాత పంతులు:
గణాలు సరిగ్గా పడ్డాయి, రెండో పాదంలో కొ-కు యతి భేషుగ్గా ఉంది. ప్రాస దగ్గర, అదే పాదాల రెండో అక్షరం దగ్గర, బోల్తా కొట్టారు నాయనా! అమ్మ, కొమ్మ, తమ్ముడు ముగ్గురివీ ద్విత్వ మకారాలు, పాపం భామది ఒంటి మకారం. మూడు పాదాలూ మార్చాల్సిందే. తమ్ముడి మూతి మాత్రం పోతే బాధే.

కొత్త కలం:
ఇలా అయితే?

మామ యొసంగిన చీరను
గోముగఁ గట్టుకొని వచ్చి కులుకుచు నిల్చెన్
కోమలి మోమును జూడఁగ
భామకు మీసములు మొలిచె భళి భళి యనఁగన్

పాత పంతులు:
దిద్దుకున్న తీరు ముచ్చటగా ఉంది. "గోముగ" మొదటిదానికన్నా మేలైన మాట. అయితే మీసం ఎందుకు మొలిచిందో ఇప్పుడు పద్యం చెప్పడం లేదు. తమ్ముడు ఉన్నప్పుడు సమస్య విడిపోయింది, కోమలి వచ్చాక మళ్లీ ముడిపడింది.

రాగమాలిక:
సామాన్యుఁడె? తొలి యంకము
లో మురిపించెను సతియయి లోకము నంతన్
భీముఁడు నతఁడే పిమ్మట!
భామకు మీసములు మొలిచె భళి భళి యనఁగన్

గుంటూరు శ్రోత:
సతి ఎవరండీ? సత్యభామ అయితే ఆ నాటకంలో భీముడి పనే లేదు. ద్రౌపది అయితే ఆవిడా భీముడూ ఒకేసారి సభలో ఉండాలి, ఒక్కడెలా వేస్తాడు?

రాగమాలిక:
నిర్వాహకులు చెప్పింది మళ్లీ చదవండి. ఏరిన రంగాలు! తులాభారంలో సత్య, కీచకవధలో భీముడు. మధ్యలో మయసభ ఏకపాత్ర నడుస్తుంటే తెరవెనక చీర విప్పి, జిగురు పూసి, మీసం అతికించుకోవడానికి కావలసినంత వ్యవధి.

పాత పంతులు:
ఒప్పుకోవాల్సిందే. చిన్న సమాజాల్లో మనుషులు చాలక ఇద్దరి వేషం ఒకరు కట్టడం మామూలే. ఆ ఇబ్బందినే పద్యంగా మలిచారు. కీచకవధ అన్నారు గనక నాదీ ఒకటి. ఇందులో మాలిని అంటే విరాటుడి కొలువులో ఉన్న ద్రౌపది.

కాముకుఁడై కీచకుఁ డట
నా మాలినిఁ గౌఁగిలింప నడుగిడ రాత్రిన్
భీముఁడు ముసుఁగును దీయఁగ
భామకు మీసములు మొలిచె భళి భళి యనఁగన్

సురభి వారు 1885లో తొలిసారి ఆడింది కీచకవధే. భారతంలో భీముడు నర్తనశాల చీకట్లో పాన్పు మీద కాచుకుని ఉంటాడు. ముసుగు నేను రంగస్థలం కోసం వేసింది.

హార్మోనీ పెట్టె:
నేను పాడేవాడి వైపు నుంచి చూస్తాను. సమస్య పాదంలో భా, మీ ఈ రెండే దీర్ఘాలు. రాగం తీయాలంటే అక్కడే తీయాలి. ఆ తరవాత "మొలిచె భళి భళి యన" అన్నీ లఘువులే, గుర్రంలా పరిగెడతాయి. పంతులు గారి పద్యంలో మూడో పాదం కూడా "ముసుఁగును" అని పరిగెత్తడంతో ఊపిరికి చోటు లేదు. చదవడానికి దివ్యంగా ఉంది, పాడేవాడు మాత్రం రొప్పుతాడు.

తెనాలి వీధి:
ఇక నాది. పోస్టుమాన్ గారి కోసం.

నీమముగా నేండ్లు గొఱిగి
శ్యాముని సతిగా నటించి సభ లలరించెన్
ఈ మాపు శాలువఁ గొనఁగ
భామకు మీసములు మొలిచె భళి భళి యనఁగన్

మా తెనాలిలో సత్యభామ అంటే నేటికీ ఆడవేషాలకు పేరుమోసిన స్థానం నరసింహారావు గారి పేరే ముందొస్తుంది. 1956లో పద్మశ్రీ ఆయన్ను వరించింది. ఆ దారిలో నడిచినవాళ్లకు బిరుదుల సంగతి అటుంచి, ఊళ్లో పదిమందిలో మీసం లేకుండా తిరగడమే ఒక దీక్ష.

గుంటూరు శ్రోత:
ఏం గొరిగారో చెప్పలేదేం?

తెనాలి వీధి:
చెబితే నాలుగో పాదానికి ఏం మిగులుతుంది? శాలువా కప్పేదాకా ఆగండి.

హార్మోనీ పెట్టె:
"నీమముగా" దగ్గర గా మీద హాయిగా నిలవొచ్చు. "నేండ్లు" మాత్రం గొంతుకు అడ్డం పడుతోంది. "నెపుడు" అంటే గణం చెడదు, పాట సాగుతుంది.

తెనాలి వీధి:
"ఎపుడు"లో ఏళ్లు లేవండీ. ఆయన పోగొట్టుకున్నవి ఏళ్లే. మార్చను.

పాత పంతులు:
అలరించెన్ తరవాత సంధి చేయకుండా "ఈ" అని విడిగా పెట్టారు. అక్కడ వాక్యం ముగిసింది కాబట్టి నేను పట్టించుకోను, పట్టించుకునేవాళ్లు వస్తారు.

నిర్వాహకుడు:
రానివ్వండి. శాలువా కప్పగానే తెనాలి వారి పద్యం, "ఏండ్లు"తో సహా, మోహనలో పాడిస్తున్నాం. ఆఖరి పాదం రెండుసార్లు, వన్స్‌మోర్ పడితే మూడోసారి. పంతులు గారి పద్యం కీచకవధ తెర లేవకముందు మైకులో చదువుతాం, పాడం. రాగమాలిక గారూ, మీ పద్యం చూశాక మాకో ఆలోచన వచ్చింది: సత్యభామ వేషం అవగానే పోస్టుమాన్ గారినే భీముడిగా దించితే ఎలా ఉంటుంది? అడిగాం. జిగురు తెచ్చుకోనక్కర్లేదు, రెండు నెలల నుంచి పెంచుతున్నాను అన్నారు. మరి ముందు రంగంలో సత్యభామ సంగతేమిటని మేకప్పాయన తల పట్టుకున్నాడు.